పీసీ క్యాబినెట్ లోపలి నుంచి ఇంకో నాలుగు యూఎస్‌బీ పోర్టులు తీయవచ్చా?

భూపాలపల్లి ఆన్‌లైన్ సెంటర్

అందరికీ నమస్తే. భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద నాకు చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. జిరాక్స్, ఎగ్జామ్ అప్లికేషన్లు, పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్లు చేస్తాను. ఖాళీ దొరికితే పెళ్లి కార్డులు డిజైన్ చేస్తాను. ఉన్నది ఒకటే డెస్క్‌టాప్, 2017లో హన్మకొండలో అసెంబుల్ చేయించాను. హెచ్110 మదర్‌బోర్డు, ఆరో జనరేషన్ ఐ3 ప్రాసెసర్, విండోస్ 10.

వెనకాల నాలుగు యూఎస్‌బీ పోర్టులు, ముందర రెండు. ముందరి వాటిలో ఒకటి లూజైంది. పెన్‌డ్రైవ్ పెడితే కాపీ అయ్యేదాకా చేత్తో పట్టుకొని ఉండాలి. పెట్టాల్సినవేమో తొమ్మిది: కీబోర్డు, వైర్‌లెస్ మౌస్ రిసీవర్, కలర్ ప్రింటర్, లేజర్ ప్రింటర్, స్కానర్, వెబ్‌క్యామ్, వేలిముద్ర మెషిన్, డిజైన్ సాఫ్ట్‌వేర్ డాంగిల్ (పెన్‌డ్రైవ్‌లాంటి తాళం, అది పెట్టి ఉంటేనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది), వచ్చినవాళ్ల పెన్‌డ్రైవో ఫోను కేబులో. అందుకని ఒక పోర్టును నాలుగు చేసే హబ్ కొన్నాను, సొంత అడాప్టర్ లేనిది. అప్పటి నుంచి మొదలైంది టెన్షన్.

పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం ఒక బాపు వచ్చాడు, సింగరేణిలో రిటైరైన మనిషి. గనిలో ఏళ్ల తరబడి పనిచేసిన చేతులు, వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలు మార్చి మార్చి పెట్టించాను. ఎడమ చేతి ఉంగరం వేలు ఎట్లాగో పట్టేసరికి కంప్యూటర్ టింగుమంది, మెషిన్‌లో ఎర్ర లైటు ఆరిపోయింది. డివైస్ డిస్‌కనెక్టెడ్. మళ్లీ మొదటి నుంచి. ఐదోసారి కూడా అంతే అయ్యేసరికి ఆయన తన చేయి తిప్పి చూసుకొని "నా వేలు పనికొస్తలేదా బిడ్డా" అని అడిగాడు. మెషిన్ వైరు హబ్‌లోంచి తీసి నేరుగా కంప్యూటర్‌కు పెడితే రెండోసారికే వచ్చింది. తప్పు ఆయన వేలిది కాదు, నా హబ్‌ది. నవంబరు మళ్లీ దగ్గరికి వస్తోంది, ఈసారి ఇంకెవ్వరితోనూ ఆ మాట అనిపించకూడదు.

అడగాల్సినవి రెండు. క్యాబినెట్ విప్పి బోర్డు నుంచే ఇంకొన్ని పోర్టులు తీయవచ్చా, లేక లోపల బిగించే యూఎస్‌బీ కార్డు కొనాలా? ఇంకోటి, డిజైన్ డాంగిల్ వెనకాల పొడుచుకొని ఉంటుంది. టేబుల్ గోడకు జరిపినప్పుడు ఇప్పటికే రెండుసార్లు వంగింది. అది విరిగితే సాఫ్ట్‌వేర్ మళ్లీ కొనాలి. దాన్ని క్యాబినెట్ లోపలే పెట్టేసే మార్గం ఉందా? వెయ్యి రూపాయల దాకా పెట్టగలను.

కరీంనగర్ బీటెక్

అక్కా, క్యాబినెట్ జోలికి పోకుండా అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోండి, సగం సమస్య పోతుంది. మీ హబ్‌కు సొంత కరెంటు లేదు కదా. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపులు. హబ్ తనకు కొంత ఉంచుకొని మిగిలింది నాలుగింటికి పంచాలి, లెక్క ప్రకారం ఒక్కోదానికి 100 మాత్రమే. వేలిముద్ర మెషిన్ లైటు వెలిగించుకొని ఫొటో తీసే టైముకు అది చాలదు. డాంగిల్ సంగతి నాకు తెలియదు, సర్వీస్ చేసేవాళ్లు చెప్పాలి.

హన్మకొండ హార్డ్‌వేర్

చెల్లె, హన్మకొండలో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను, కొంచెం వివరంగా చెప్తాను.

ముందు పైసా ఖర్చు లేని పని, ఈ రాత్రే చెయ్యి. ప్రింటర్లు రెండూ, స్కానర్‌కు సొంత అడాప్టర్ ఉంటే అది కూడా, హబ్‌కు మార్చు. వాటికి కరెంటు గోడ నుంచి వస్తుంది, యూఎస్‌బీ వైరులో పోయేది డేటానే. కాబట్టి హబ్ మీద బరువు పడదు. వేలిముద్ర మెషిన్, వెబ్‌క్యామ్ మాత్రం ఎప్పుడూ వెనకాల బోర్డు పోర్టులకే ఉండాలి. ఆ బాపు రోజు నీ హబ్ మీద ఏమేం ఉన్నాయో నాకు తెలియదు గానీ, మెషిన్ అక్కడ ఉండకూడదు, అంతే.

ఇక లోపలి పోర్టులు. నీ బోర్డు మీద పోర్టులను నడిపే హెచ్110 చిప్‌సెట్ మొత్తం పది యూఎస్‌బీ పోర్టులు ఇవ్వగలదు, అందులో నాలుగు వేగం ఎక్కువున్న 3.0 రకం. వెనక నాలుగు, ముందర రెండు, అంటే ఆరు బయటికి వచ్చాయి. మిగతా నాలుగు బోర్డు మీద పిన్నుల రూపంలో ఉండే అవకాశం ఎక్కువ. కంపెనీలు అన్నీ పెట్టకపోవచ్చు కూడా, విప్పి చూస్తేనే తేలుతుంది. అందుకే కార్డు కొనడానికి తొందరపడొద్దు. నా దగ్గరికి కార్డు కొనుక్కొని వచ్చిన చాలామందికి, మూత తీసి బోర్డు మీద ఖాళీ హెడర్ (వైరు తగిలించే పిన్నుల గుంపు) చూపించి కార్డు వాపస్ ఇప్పించాను.

విప్పే ముందు ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు ఇచ్చే డబ్బా) వైరు గోడ నుంచి పీకెయ్యి. పీకాక పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టు, లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకి అప్పుడు బోర్డు ముట్టుకో. మీ దగ్గర బొగ్గు దుమ్ము కూడా ఉంటుంది, మెత్తటి బ్రష్షుతో ముందు దులుపు.

బోర్డు కింది అంచున, హార్డ్‌డిస్క్‌కు పోయే సాటా వైర్లు దిగే దగ్గర, ఫోను లైటు వేసి చూడు. రెండు వరసల పిన్నులు కనిపిస్తాయి, ఒక వరసలో ఐదు, ఇంకో వరసలో నాలుగు. పక్కన జేయూఎస్‌బీ1, జేయూఎస్‌బీ2 అనో ఎఫ్‌యూఎస్‌బీ అనో చిన్న తెల్ల అక్షరాలు ఉంటాయి. అది యూఎస్‌బీ 2.0 హెడర్, ఒక్కోదాని నుంచి రెండు పోర్టులు వస్తాయి. ముందరి ప్యానెల్ వైరు వాటిలో ఒకదానికి తగిలించి ఉంటుంది, రెండోది ఖాళీగా ఉందా లేదా చూడు. ఆడియో హెడర్ కూడా తొమ్మిది పిన్నులే, పొరబడొద్దు. యూఎస్‌బీకి లేని పిన్ను చివర మూలది. ఆడియోకు లేనిది మూలకు ఒకటి ముందుది. మీ బోర్డులో ఉండదు గానీ, పాత బోర్డుల్లో ఫైర్‌వైర్ అనే వేరే రకం కనెక్షన్ హెడర్ అచ్చం యూఎస్‌బీలాగే ఉండేది. దాంట్లో 12 వోల్టులు, యూఎస్‌బీకి ఐదే. పొరపాటున పెడితే పరికరం కాలుతుంది.

ఇంకోటి, నీలం రంగు ప్లాస్టిక్ గోడలతో 19 పిన్నుల పెద్ద హెడర్ ఉంటే అది 3.0. దాని నుంచి కూడా రెండు పోర్టులు. మీ క్యాబినెట్ ముందర నీలం పోర్టులు లేకపోతే ఆ హెడర్ కొన్నప్పటి నుంచి ఖాళీగానే ఉండి ఉంటుంది.

కొనాల్సినవి చెప్తా. నీలం హెడర్‌కు 19 పిన్నుల బ్రాకెట్, వెనకాల ఖాళీ స్లాటు రేకు తీసి అక్కడ బిగిస్తే రెండు పోర్టులు బయటికి వస్తాయి. తొమ్మిది పిన్నుల హెడర్ మీద నిలువుగా కూర్చునే చిన్న అడాప్టర్ దొరుకుతుంది, దానికి రెండు మామూలు యూఎస్‌బీ రంధ్రాలుంటాయి. నీ డాంగిల్ దాంట్లో పెట్టి మూత వేసెయ్యి. విండోస్‌కు లోపల ఉందో బయట ఉందో తేడా తెలియదు.

రెండు జాగ్రత్తలు. ఒక హెడర్‌ను నాలుగు పోర్టులు చేస్తామని ఉత్త వైరు స్ప్లిటర్లు అమ్ముతారు. హెడర్‌లో ఉన్నవి రెండు డేటా జతలే. వాటిని మధ్యలో చీల్చి ఇంకో రెండు పోర్టులకు అతికిస్తే పనిచేయవు. చిప్పు ఉన్న ఇంటర్నల్ హబ్ అయితేనే నిజమైన నాలుగు పోర్టులు, అదీ ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే కరెంటు తీసుకునేదైతేనే.

రెండోది నా అనుభవం. కొత్తలో ఒక క్యాబినెట్ వైర్లు ఒక్కో పిన్నుకు ఒక్కోటి విడివిడిగా వచ్చాయి. ఎరుపు ఐదు వోల్టులు, తెలుపు, ఆకుపచ్చ డేటా, నలుపు గ్రౌండ్. తొందరలో ఎరుపు, నలుపు తారుమారు చేశాను. కస్టమర్ చూద్దామని పెన్‌డ్రైవ్ పెట్టాడు, పెట్టిన నిమిషానికే వాసన వచ్చింది. అందులో వాళ్ల చెల్లెలి పెళ్లి ఫొటోలు ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. పెన్‌డ్రైవ్ కొనిచ్చాను గానీ ఫొటోలు తేలేకపోయాను. అప్పటి నుంచి కొత్త పోర్టు పెడితే మొదట పాత మౌస్ ఒకటి పెట్టి చూస్తాను, మనిషి డేటా ఉన్నది ఏదీ పెట్టను. నువ్వూ అట్లాగే చెయ్యి.

మంచిర్యాల డీటీపీ

మేము కూడా డాంగిల్ లోపలే పెట్టుకున్నాం, నాలుగేళ్లయింది, బాగుంది. కానీ సిస్టర్, ఏది లోపల పెట్టాలో ఏది పెట్టకూడదో చెప్పాలనిపించింది. వైఫై డాంగిల్, వైర్‌లెస్ మౌస్ రిసీవర్ లోపల పెట్టొద్దు, ఇనుప డబ్బాలో సిగ్నల్ చచ్చిపోతుంది. కొత్తగా పెట్టే నీలం పోర్టుల పక్కన కూడా మౌస్ రిసీవర్ పెట్టకండి. 3.0 పోర్టు నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ మీద గోల చేస్తుంది, మౌస్ తడబడుతుంది.

ఎవరిదైనా డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే పెన్‌డ్రైవ్‌లాంటిది) మీ దగ్గర వాడుతుంటే, అది ఎంత విలువైనదైనా లోపల మాత్రం పెట్టొద్దు. అది వాళ్ల సంతకం. పని కాగానే పీకి వాళ్ల చేతికి ఇవ్వాలి.

భూపాలపల్లి ఆన్‌లైన్ సెంటర్

అందరికీ చాలా థాంక్స్. హన్మకొండ అన్నా, మీరు రాసిన రాత్రే ప్రింటర్లు హబ్‌కు మార్చాను. ఒక్క రూపాయి పెట్టకుండానే వేలిముద్ర మెషిన్ ఆగిపోవడం చాలావరకు తగ్గింది. ఇన్నాళ్లూ నేను తలకిందులు చేశాను, ప్రింటర్లు బోర్డుకు, మెషిన్ హబ్‌కు.

ఆదివారం మూత విప్పాను. దుమ్ము దులిపాక బోర్డు రంగు తెలిసింది. మీరు చెప్పినట్టే జేయూఎస్‌బీ1కి ముందరి వైరు ఉంది, జేయూఎస్‌బీ2 ఖాళీ. నీలం హెడర్ కూడా ఖాళీ, ఇన్నేళ్లుగా అక్కడే ఉంది. వెనకాల గుండ్రటి ఊదా రంగు పోర్టు కూడా కనిపించింది, ఇంట్లో మూలన పడేసిన పాత కీబోర్డు దానికి సరిపోయింది. అట్లా ఒక యూఎస్‌బీ మిగిలింది.

మంగళవారం పరకాల మీదుగా బస్సులో హన్మకొండ వెళ్లి బ్రాకెట్, చిన్న అడాప్టర్ రెండూ తెచ్చాను, రెంటికీ కలిపి 480 అయ్యాయి. షాపులో ముందు స్ప్లిటరే చూపించాడు, మీ మాట గుర్తొచ్చి వద్దన్నాను. బిగించి, పాత మౌస్ పెట్టి చూశాను, పనిచేసింది. డాంగిల్ లోపలికి వెళ్లింది.

ఒక్కటే మిగిలింది. వేలిముద్ర మెషిన్ వెనక పోర్టుకే ఉన్నా, పది పదిహేను నిమిషాలు వాడకపోతే నిద్రపోయినట్టు అవుతుంది. పీకి మళ్లీ పెడితే వస్తుంది. ఇది కూడా కరెంటు సమస్యేనా?

హన్మకొండ హార్డ్‌వేర్

కాదు చెల్లె, అది విండోస్ చేసే పని. కరెంటు పొదుపు కోసం వాడని పోర్టును పడుకోబెడుతుంది, కొన్ని మెషిన్లు మళ్లీ లేవవు. డివైస్ మేనేజర్ తెరువు, కింద యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ ఉంటుంది. దాంట్లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద డబుల్ క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో సేవ్ పవర్ అని ఉన్న మొదటి టిక్కు తీసెయ్యి. రూట్ హబ్‌లు ఎన్ని ఉంటే అన్నింటికీ. తర్వాత పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిసేబుల్ చేసి, ఒకసారి రీస్టార్ట్ కొట్టు.

ఆ నీలం ప్లగ్గు ఎప్పుడైనా ఊడదీయాల్సి వస్తే పక్కలకు ఊపొద్దు. నిటారుగా, మెల్లగా పైకి లాగు. అటూ ఇటూ ఊపితే ప్లాస్టిక్ గోడ కూడా దాంతో పాటే ఊడి వస్తుంది, లోపలి పిన్నులు వెంట్రుకల్లా వంగుతాయి. బ్రాకెట్ వైరు మిగులు ప్రాసెసర్ ఫ్యాను మీద పడకుండా ట్యాగుతో కట్టావా?

భూపాలపల్లి ఆన్‌లైన్ సెంటర్

కట్టాను అన్నా, సాటా వైర్లతో కలిపి. టిక్కు తీసేశాను. పొద్దున తొమ్మిదికి ఆన్ చేసిన మెషిన్ ఇప్పుడు సాయంత్రం ఆరవుతోంది, ఒక్కసారి కూడా పీకలేదు. ముందరి లూజు పోర్టు మీద టేపు అతికించాను. మీ షాపుకు ఒకసారి క్యాబినెట్ తెస్తాను, ఆ ముందరి ప్యానెల్ మార్చి ఇవ్వండి.

హన్మకొండ హార్డ్‌వేర్

క్యాబినెట్ మోసుకొని రావద్దు, దారిలో డాంగిల్ అడాప్టర్ ఊడుతుంది. ముందరి ప్యానెల్ విప్పి, లోపలి చిన్న బోర్డు ఫొటో తీసి పెట్టు, వైరుతో సహా. అట్లాంటిదే దొరికితే బస్సులో పంపిస్తా.