ఒడియా బడిలో ఒకటో తరగతికి తెలుగులో చెబితే తప్పా?

కాశీనగర్ దిదీ:
ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒడియా మీడియం ప్రాథమిక పాఠశాల మాది. ఒకటి, రెండు తరగతులు కలిపి నావే. సగానికి పైగా తెలుగు ఇళ్ల పిల్లలు, ముగ్గురు సవర గిరిజన పిల్లలు.

మొన్న చేప బొమ్మ చూపించి "మాఛొ" అన్నాను. ముందు వరసలో గుంటడు తన బుగ్గ మీద మచ్చ చూపించి "ఇదా దిదీ?" అన్నాడు. "చేపరా" అన్నానో లేదో, క్లాసంతా ఒక్కసారిగా మాటలు. "మా నాన్న వంశధారలో ఇంత మాఛొ పట్టినాడు!" అని వాడే చేతులు చాచి చూపించాడు. ఒడియా మాట వాడి నోటికి అలా వచ్చింది.

గుమ్మం దగ్గర నిలబడి విన్న పెద్ద సారు మాత్రం తర్వాత పిలిచి, ఒడియా బడిలో ఒడియాయే వినబడాలన్నారు. కొందరు తల్లిదండ్రులదీ అదే మాట. మీరేమంటారు?

పర్లాకిమిడి నాన్న:
మేడమ్, మీ ప్రేమ అర్థమైంది. కానీ నేను సారు పక్షమే. అయిదు దాకా తెలుగు బడిలో చదివి, ఆరులో ఒడియా హైస్కూల్లో చేరాను. ఒడియా 'ఠ' అచ్చం మన సున్నాలా ఉంటుంది. బోర్డు మీద చూసి "సున్నా" అని చదివాను. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా మళ్లీ నోరు విప్పలేదు. ఇక్కడ సర్కారు ఉద్యోగానికి ఒడియా రావాలి. తెలుగు ఇంట్లో మేం నేర్పుకుంటాం, బడి మాకు ఒడియా ఇవ్వాలి.

బరంపురం మాస్టారు (రిటైర్డు):
బాబూ, మీకు దెబ్బ తగిలింది తెలుగు వల్ల కాదు, అయిదేళ్లూ ఒడియా పక్కన పెట్టడం వల్ల. దిదీ చేస్తున్నది వేరు.

చిన్న తరగతుల్లో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేరింది. 2009 విద్యాహక్కు చట్టమూ ఆ మాటే అంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర పిల్లల కోసం సవర నేర్చుకుని వాచకాలు రాశారు. మాస్టారు పిల్లాడి భాష దగ్గరికి వెళ్లడం మన ఊరికి కొత్త కాదు.

పర్లాకిమిడి నాన్న:
మాస్టారూ, ఆ చట్టంలో "వీలైనంత వరకు" అనే మాట కూడా ఉంది. నేను పని చేసిన చోట తెలుగు టీచరు రిటైరైతే ఆ పోస్టు ఏళ్ల తరబడి ఖాళీ. నా బిడ్డను దేన్ని నమ్మి పంపను?

బరంపురం మాస్టారు (రిటైర్డు):
ఆ భయం నిజం. కాదనలేను.

గుణుపూర్ టీచరు:
అందరూ తెలుగా ఒడియానా అంటున్నారు. ఆ ముగ్గురు సవర పిల్లల సంగతేంటి? మాది సవర ఇల్లే. చిన్నప్పుడు మా టీచరు ఒడియాలో చెప్పి, అర్థం కాలేదంటే తెలుగులో చెప్పేవారు. నాకు రెండూ రావు. మూల కూర్చుని పలక తుడుచుకునేదాన్ని. గిరిజన భాషల్లో మొదలుపెట్టి ఒడియాకు తీసుకెళ్లే బహుభాషా విద్య మన రాష్ట్రంలో 2006-07లో మొదలైంది. సవర పుస్తకాలూ వచ్చాయి. అవి మీ బీరువాలో ఉన్నాయేమో చూడండి మేడమ్.

కాశీనగర్ దిదీ:
ఈ రోజంతా ఇదే ఆలోచన. చేప రోజున క్లాసంతా మాట్లాడిందని రాశాను. కాదు, ఆ ముగ్గురూ మాట్లాడలేదు. నాకది కనబడనే లేదు.

నాన్నగారూ, రోజూ చివరి అరగంట బోర్డు మీద ఒడియా అక్షరాలే రాయిస్తాను, 'ఠ'తో సహా. పొద్దున మాత్రం తెలుగు ఆపను. పెద్ద సారును ఒక వారం వచ్చి క్లాసులో కూర్చోమని అడుగుతాను.

గుణుపూర్ మేడమ్, బీరువా చూశాను, సవర పుస్తకం లేదు. నీళ్లకు "డా" అని ఆ పిల్లల్నే అడిగి రాసుకున్నాను. ఆకలి, జ్వరం, భయం, ఒంటికి వెళ్లాలి, అర్థం కాలేదు. ముందు ఈ అయిదూ సవరలో ఎలా అంటారో పంపగలరా? సోమవారానికి కావాలి.