మార్చి టోర్నమెంట్‌లో ఫుల్ కోర్ట్ ప్రెస్ నిజంగా పనిచేస్తుందా?

కిట్టు_హూప్స్:
నా మాట సూటిగా చెప్తా: అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ప్రెస్, అంటే కోర్టు పొడవునా ఎదుటి జట్టు మీద పడి బంతి ముందుకు తేనివ్వకపోవడం, జనవరి ఆట; మార్చిలో ఓడితే ఇంటికే అనే నాకౌట్ టోర్నమెంట్‌లో పనికొచ్చే ఆట కాదు. వెస్ట్ వర్జీనియానే చూడండి. అప్పట్లో సీజనంతా ప్రెస్‌తో ఎదుటివాళ్ళకి ఊపిరాడనిచ్చేవాళ్ళు కాదు. మార్చి వచ్చేసరికి, 2015లో కెంటకీ చేతిలో 78-39 తేడాతో చిత్తు. 2016లో మూడో సీడ్ (టోర్నమెంట్ ర్యాంకు) అయ్యుండి, పద్నాలుగో సీడ్ స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్ చేతిలో 70-56తో ఇంటికి. ఆ మ్యాచ్‌లో బంతి ఎక్కువసార్లు పోగొట్టుకున్నది ప్రెస్ చేసే జట్టే!

రేజర్‌బ్యాక్_రవి:
తమ్ముడూ, 1994 మర్చిపోయావా? కోచ్ నోలన్ రిచర్డ్‌సన్ అర్కాన్సా జట్టు ప్రెస్ ఆటకి పేరే 'నలభై నిమిషాల నరకం'. ఫైనల్లో డ్యూక్‌ని 76-72తో కొట్టి కప్పు ఎత్తుకెళ్ళారు. రెండేళ్ళకి కోచ్ రిక్ పిటినో కెంటకీ కూడా ప్రెస్‌తోనే గెలిచింది. పైగా ఈ టోర్నమెంట్‌లో ఒక మ్యాచ్‌కీ ఇంకో మ్యాచ్‌కీ మధ్య చాలాసార్లు ఒక్క రోజే ఉంటుంది. ఆ ఒక్క రోజులో ప్రెస్‌ని ఛేదించడం ఎవరు నేర్పుతారు?

కిట్టు_హూప్స్:
రవన్నా, 1996 కెంటకీలో తర్వాత ఎన్‌బీఏ ఆడినవాళ్ళే తొమ్మిది మంది. వాళ్ళు ఏ డిఫెన్స్ ఆడినా గెలిచేవాళ్ళే. ఇక మీ అర్కాన్సా సంగతి: 1995 ఫైనల్లో యూసీఎల్‌ఏ జట్టులో బంతిని ముందుకు తెచ్చే పాయింట్ గార్డ్ టైయస్ ఎడ్నీ మణికట్టు గాయంతో మొదట్లోనే బయటికెళ్ళాడు. ప్రెస్‌కి అంతకంటే పండగ ఉంటుందా? అయినా మీవాళ్ళు 89-78తో ఓడారు. బంతి తెచ్చే పని బెంచ్ మీంచి వచ్చిన కామెరాన్ డాలర్ చూసుకున్నాడు.

రేజర్‌బ్యాక్_రవి:
ఆ దెబ్బ గట్టిగానే తగిలిందిలే.

పాత_కోచ్:
మీరిద్దరూ ప్రెస్ అంటే బంతి లాక్కోవడమే అనుకుంటున్నారు. 1964లో కోచ్ జాన్ వుడెన్ యూసీఎల్‌ఏ 2-2-1 జోన్ ప్రెస్ (ముందు ఇద్దరు, మధ్యలో ఇద్దరు, వెనక ఒకరు) వేసింది. మొదటి అయిదుగురిలో ఆరడుగుల అయిదంగుళాలు దాటినవాడు లేడు. అయినా ఆ సీజన్ 30-0, ఒక్క మ్యాచ్ ఓడలేదు. ఫైనల్లో డ్యూక్ మీద 98-83. దొంగిలించడం కంటే ఎదుటివాణ్ణి తొందరపెట్టడమే అక్కడ అసలు పని. నెమ్మదిగా ఆడే పొడగరి జట్టు పరిగెత్తడం మొదలెట్టిందంటే సగం పని అయిపోయినట్టే. బంతి పోకపోయినా సరే, షాట్ తొందరలో పడుతుంది.

కిట్టు_హూప్స్:
కోచ్‌గారూ, అప్పుడు టీవీ టైమౌట్లు ఇన్ని లేవు కదా? ఇప్పుడు ప్రతి నాలుగు నిమిషాలకీ ఒక ప్రకటనల బ్రేక్. అలసిపోవాల్సినవాడు హాయిగా కూర్చుని నీళ్ళు తాగి వస్తాడు.

పాత_కోచ్:
అది నిజమే, ఒప్పుకుంటా. అందుకే నలభై నిమిషాలూ వద్దంటాను. 2016లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ చూశావా? నార్తర్న్ అయోవా మీద 44 సెకన్లు మిగిలుండగా 12 పాయింట్లు వెనక. బంతి లోపలికి విసిరే చోటే చుట్టుముట్టి ట్రాప్ చేశారు, స్కోరు సమం చేశారు, రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 92-88తో గెలిచారు. నార్తర్న్ అయోవా పిల్లలకి చేతులు ఆడలేదు పాపం.

రేజర్‌బ్యాక్_రవి:
ఆ 44 సెకన్లు నేను నిలబడే చూశా. కిట్టూ, దీనికేమంటావ్?

కిట్టు_హూప్స్:
చివరి నిమిషం ప్రెస్‌కి నేనూ ఓటేస్తా. గతిలేనప్పుడు ఎవరైనా చేసేదే అది, దాన్ని పద్ధతి అనను. అయినా ఆస్టిన్ మ్యాచ్ నాకు ఇంకా మింగుడుపడలేదన్నా. ఆ ఏడాది నా బ్రాకెట్‌లో (ఎవరు గెలుస్తారో ముందే రాసుకునే పట్టిక) వెస్ట్ వర్జీనియాని ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్ల దాకా రాసుకున్నా మరి.