ఫిల్టర్ చాంబర్: ప్రతి హాపర్ లోడర్ మీదా, లేక బ్లోయర్ ముందు ఒక్కటేనా?

మోల్డ్‌షాప్: 6 ఇంజెక్షన్ మెషిన్లకు ఒకే వాక్యూమ్ బ్లోయర్, 50 మి.మీ. పైపు. కొత్త ప్లాస్టిక్ గుళికల్లో 20 శాతం గ్రైండింగ్ మాలు (తిరిగి వాడటానికి నూరిన ప్లాస్టిక్ తుక్కు) కలుస్తుంది. గుళికల్ని వాక్యూమ్‌తో లాక్కుని మెషిన్ పైనున్న హాపర్‌లో పోసే లోడర్లలో ప్రస్తుతం స్టీలు జాలీ మాత్రమే ఉంది. ప్రతిదానికీ గుడ్డ ఫిల్టర్ వేయాలా, బ్లోయర్ ముందు ఒక పెద్ద చాంబర్ సరిపోతుందా?

పైప్‌లైన్: ఒక్కటే పెట్టండి. ఆరు లోడర్లలో గుడ్డలు వేస్తే వాటిని దులపడానికి ఆరుసార్లు నిచ్చెన ఎక్కాలి, రెండు వారాలు పోతే ఎవరూ ఎక్కరు. గుళికల్ని జాలీ ఆపుతుంది, పొడి చాంబర్‌కు చేరుతుంది. సెకనుకు 20 మీటర్ల వేగమంటే ఈ పైపులో నిమిషానికి 2.4 ఘనపు మీటర్ల గాలి. గుడ్డ గుండా వేగం నిమిషానికి 1.2 మీటర్లు దాటకూడదనుకుంటే 2 చదరపు మీటర్ల గుడ్డ చాలు.

గేజ్: అన్నా, ఆ 2.4 మాలు ఎత్తుకునే చోటి లెక్క. చాంబర్ దగ్గర 300 మిల్లీబార్ల వాక్యూమ్ ఉంటే అదే గాలి ఉబ్బి 3.4 అవుతుంది. 3 చదరపు మీటర్లకు తగ్గించొద్దు.

మిక్సర్: గుళికలకైతే ఒప్పుకుంటాను. అదే లైనులో కాల్షియం కార్బొనేట్ పొడి కూడా పంపితే మాత్రం జాలీ ఆపదు. తూచి కలిపిన పొడిలో కొంత చాంబర్ డబ్బాలో పడుతుంది, మెషిన్లో మిక్సింగ్ శాతం తప్పుతుంది. పొడి వెళ్లే లోడర్‌కు దాని ఫిల్టర్ దానికే ఉండాలి.

పైప్‌లైన్: పొడి సంగతి నిజమే, ఆ ఒక్క లోడర్‌కు వేయండి. మిగతా ఐదింటికీ అక్కర్లేదు.

గేజ్: ఏది పెట్టినా బిగింపు దగ్గరే చెడుతుంది. గాలి లోపలికొచ్చే పైపు చాంబర్‌లోని బ్యాగుల (గుడ్డ ఫిల్టర్ సంచుల) అడుగు కన్నా కిందికి, చాంబర్ గోడను ఒరుసుకుంటూ చేరాలి. ఎదురుగా పెడితే గ్రైండింగ్ మాలు పొడి తగిలి ముందు వరుస బ్యాగులు చిరుగుతాయి. కింది డబ్బా రబ్బరు సీలు అన్నిటికన్నా ముఖ్యం. ఇక్కడ లీకైతే దుమ్ము బయటికి రాదు కాబట్టి కంటికి కనపడదు. బయటి గాలి లోపలికి దూరి, పడిన పొడిని మళ్లీ బ్యాగుల మీదికి లేపుతుంది. బ్లోయర్ నడుస్తుండగా పలుచని పాలిథిన్ ముక్కను సీలు అంచు వెంట తిప్పండి, లీకున్న చోట అంటుకుపోతుంది.

బ్యాగుల్ని దులపడానికి కొట్టే పల్స్ గాలి 5 నుంచి 6 బార్, తేమ లేకుండా ఉండాలి. వాక్యూమ్ లాగుతుండగా కొడితే రాలిన పొడి మళ్లీ గుడ్డకే పట్టేస్తుంది. బయటి గాలిని వదిలి లాగుడు ఆపే వాక్యూమ్ బ్రేకర్ వాల్వ్ తెరుచుకున్నాకే పల్స్ కొట్టేలా టైమర్ పెట్టండి.

మిక్సర్: స్టాటిక్ కరెంటు పోవడానికి చాంబర్‌కు ఎర్త్ వేసి వదిలేస్తారు, ఫ్లెక్సిబుల్ హోసు లోపలి రాగి తీగను మరిచిపోతారు. రెండు చివర్లా తీగ చెక్కి, పైపు లోహానికి తగిలేలా క్లాంపు బిగించాలి. చాంబర్‌కూ బ్లోయర్‌కూ మధ్య ఇంకో చిన్న కార్ట్రిడ్జ్ ఫిల్టర్ కూడా పెట్టండి. బ్యాగు చిరిగిన రోజున పొడి అక్కడే ఆగుతుంది, బ్లోయర్ లోపలి సన్నని సందుల్లోకి పోదు.