ఏడు నెలల పిలకాయకి రొంప, పాలు పట్టడంలా. మీరేం చేశారు?

కావలి_అమ్మ: నాలుగు రోజులుగా రొంప. రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడస్తాది. రాగిజావ పెడితే ఊసేస్తాది. జ్వరం లేదు. తేనె నాకించమంటోంది మా అమ్మ.

కనిగిరి_కోడలు: ముక్కు బిగిస్తే పాలెట్టా తాగుద్ది? నోరు పాలకే సరిపోయె. పాలిచ్చే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు రెండేసి వేసి, కాసేపాగి పట్టు. ఇది తెలీక మూడు రాత్రులు మావాణ్ని భుజానేసుకుని తిరిగా. మా అత్తేమో నీకు పాల్లేవని డబ్బా తెప్పించింది. ఆ మాట నేను మర్చిపోను.

గూడూరోడు: కొబ్బరినూనెలో కర్పూరం కాచి పాప ఛాతీకి రుద్దండి. తెల్లారేసరికి మాయం.

బుజ్జిగాడి_నాన్న: కర్పూరమా! ఏంది సామీ! అది ఒంట్లోకి పోతే ఫిట్సొస్తాయి.

గూడూరోడు: మా అవ్వ చేతిలో ఐదుగురం పెరిగినాం. ఒకరికీ ఏం కాలా.

బుజ్జిగాడి_నాన్న: మా అక్క కూతురు దేవుడి గూట్లో బిళ్ళ నోట్లో వేసుకుంది. కళ్ళు తేలేసి కొట్టుకుంటుంటే 108లో తీసకపోయినాం. మీ అవ్వని అప్పుడు పిలవాల్సింది.

గూడూరోడు: నోట్లో వేసుకోమని నేను చెప్పానా? పెద్దోళ్ళని అనబాక.

మందులషాపు: 22 ఏళ్ళుగా కౌంటర్లో ఉన్నా. రొంప సిరప్ పావు చెంచా పోయండి, హాయిగా నిద్రపోద్ది.

ఒంగోలు_నర్సు: అన్నా, క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌లు నాలుగేళ్ళ లోపు వాడొద్దని సీసా మీద రాయమని కేంద్రం చెప్పింది 2023లోనే. చదవలేదా? ఇరవై రెండేళ్ళంట!
కావలమ్మా, పాప నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టు. ఈ వయసుకి 50 లేక పైన ఉన్నా, డొక్కలెగరేస్తున్నా, అసలు తాగకపోయినా, ఉచ్చ తగ్గినా ఆగొద్దు, ఆస్పత్రికి పో. తేనె ఏడాది దాకా వద్దు.

మందులషాపు: డాక్టర్లు రాస్తేనే అమ్ముతున్నాం.

కనిగిరి_కోడలు: ఇప్పుడే పోయమన్నది ఎవరో!

పొదిలి_తాతయ్య: మాడుకి ఆముదం పెట్టడం మానేశారు, అందుకే ఇన్ని రోగాలు. రాగులు కూడా ఇప్పటివి రాగులేనా?

కావలి_అమ్మ: లెక్కపెట్టినా అక్కా, 38. చుక్కలేసి పట్టినా, ఒక పక్క మొత్తం తాగింది. జావ మాత్రం ఇంకా ఊస్తానే ఉంది.

గూడూరోడు: జావలో బెల్లం వేశావా?

బుజ్జిగాడి_నాన్న: ఇంకా నయం, కర్పూరం అనలా.