ఆరుద్ర నక్షత్రానికి 'చంక' అనే పేరెలా వచ్చింది?

ప్రశ్న: బీటెల్‌గ్యూస్ అంటే అరబ్బీలో 'చంక' అని ఒకచోట చదివాను. అది మన ఆరుద్రే కదా. నిజంగా అలాంటి పేరు పెట్టారా?

జవాబు: లేదండీ. అరబ్బులు పెట్టిన పేరు 'యద్ అల్-జౌజా', అంటే జౌజా చెయ్యి. ఇప్పుడు ఓరియన్ అంటున్న చుక్కల గుంపులో వాళ్లు జౌజా అనే స్త్రీని చూశారు. ఆ గుంపులోనే మెరిసే రైజెల్ పేరు 'రిజ్ల్' నుంచి వచ్చింది. అది ఆమె పాదం.

తేడా లిపి దగ్గర వచ్చింది. అరబ్బీలో మాట మొదట్లో వచ్చే 'య'కు కింద రెండు చుక్కలుంటాయి, 'బ'కు ఒకటే. మిగతా రూపమంతా ఒకటే. మన ద, ధ లకు కింది గీత ఒక్కటే తేడా, అలాగన్నమాట. మధ్యయుగాల్లో లాటిన్‌లోకి ఎక్కించేటప్పుడు 'య'ను 'బ'గా చదివేశారు. 'యద్' కాస్తా 'బెద్' అయింది. దానికి అర్థం కుదరక, అసలు మాట 'ఇబ్త్', అంటే చంక, అయ్యుంటుందని తర్వాతి యూరప్ పండితులు ఊహించారు. ఆ ఊహే ఇంకా పుస్తకాల్లో తిరుగుతోంది. అంత చక్కటి పేరుకు ఈ గతి పట్టడం నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న: మరి మిగతా అరబ్బీ పేర్లన్నీ వాళ్లు సొంతంగా పెట్టినవేనా?

జవాబు: అన్నీ కావు. డెనెబ్ (తోక), ఫోమల్‌హాట్ (చేప నోరు) వంటివి గ్రీకు పండితుడు టాలమీ చెప్పిన వర్ణనలకు అరబ్బీ రూపాలు. ఆయన ఖగోళ గ్రంథం 'అల్మజెస్ట్' పేరులోనూ అరబ్బీ 'అల్' (ఇంగ్లీషు 'ది' లాంటిది) కనిపిస్తుంది. దాన్ని 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలేడోలో గెరార్డ్ అనే అనువాదకుడు అరబ్బీ నుంచి లాటిన్‌లోకి అనువదించాడు. అంతకుముందే, 964 ప్రాంతంలో, పారశీక ఖగోళ పండితుడు అల్-సూఫీ తన నక్షత్ర గ్రంథంలో టాలమీ నక్షత్రాల పట్టికనూ అరబ్బుల పాత పేర్లనూ పక్కపక్కనే పెట్టాడు. ఈ విషయంలో అందరికంటే ఎక్కువ రుణపడింది ఆయనకే అంటాను.

అల్డెబరాన్ (మన రోహిణి) మాత్రం ఎడారి అరబ్బుల సొంత పేరే. 'వెనకే వచ్చేది' అని అర్థం. కృత్తికల వెనకే వస్తుంది మరి. మన వరసలోనూ కృత్తిక తర్వాత రోహిణే.

అల్తాయిర్ అనేది 'ఎగిరే గద్ద' అనే అరబ్బీ పేరుకు పొట్టి రూపం. మన శ్రవణం అదే. అటూ ఇటూ ఉన్న రెండు చిన్న చుక్కలు దాని చాచిన రెక్కలు. ఆ మూడు చుక్కల్నే మనవాళ్లు విష్ణువు మూడడుగులన్నారు.