క్యాన్సర్‌కు మందు నిండుగా కొట్టాలా, కొన్ని కణాలను బతకనివ్వాలా?

గుంటూరు_ఫ్లాస్కు: గుంటూరులో పీహెచ్‌డీ, మూడో ఏడు. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలకు డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయడం నా పని. ఎర్రటి మందు. పోసిన రెండు మూడు రోజులకు చచ్చిన కణాలు ఊడి తేలతాయి, అడుగున అక్కడొకటి ఇక్కడొకటి అంటుకుని ఉంటాయి. నెలలు తిరిగేసరికి ఫ్లాస్కు నిండా వాటి సంతానమే. వాటి పొర మీద పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు ఎక్కువ. లోపలికొచ్చిన మందును తోడి బయట పోస్తుంది. అయితే పంపు ఊరికే తిరగదు, కణం ఏటీపీ అనే తన ఇంధనాన్ని ఖర్చుపెట్టాలి. మందు లేనప్పుడు అది దండగ ఖర్చే కదా! అందుకే పూర్తిగా నయం కాని దశలో మందు ఆపి ఆపి ఇస్తే, మందుకు లొంగే మామూలు క్యాన్సర్ కణాలే ఈ మొండివాటిని అణచిపెడతాయని నా వాదన. ఏమంటారు?

ప్రత్తిపాడు_పత్తి: ఇది మా పొలం కథే అక్కా. బీటీ పత్తి 450 గ్రాముల విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చేవాళ్లు, చేను చుట్టూ వేయమని. అక్కడ బతికిన మామూలు పురుగు మొండి పురుగుతో జతకడితే మొండితనం పలచబడుతుందట. మా నాన్న ఆ ప్యాకెట్ గట్టు మీద పారేసేవాడు, ‘డబ్బులిచ్చి పురుక్కి మేత వేయమంటావా’ అని. ఇప్పుడు కాయ విప్పితే గులాబీ పురుగు.

బెజవాడ_డాక్టర్: పోలిక బాగానే ఉంది గానీ కణాలు జతకట్టవు బాబూ. కణాల మధ్య ఉన్నది పోటీ ఒక్కటే. అమ్మాయ్, మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం చేసిన మందు అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా డాక్టర్ ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకిచ్చి 1948లో ఫలితాలు రాశాడు. పిల్లలు కోలుకున్నారు, కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. అప్పుడు ‘కొన్ని కణాలను బతకనిద్దాం’ అనుకుని ఉంటే? నాలుగు మందులు కలిపి గట్టిగా కొట్టారు కాబట్టే ఆ జబ్బు ఈరోజు చాలామంది పిల్లల్లో నయమవుతోంది. పైగా నా దగ్గరికి కీమో మధ్యలో మానేసి వచ్చేవాళ్లున్నారు. వాళ్లు నీ పోస్టు చదివితే?

గుంటూరు_ఫ్లాస్కు: ఆ మాట నిజమే డాక్టర్ గారూ. ఎవరూ సొంతంగా మందు మానొద్దు, దయచేసి. నయమయ్యే జబ్బుకు నిండుగానే ఇవ్వాలి, అందులో పేచీ లేదు. నేననేది ఒళ్లంతా పాకిన దశ గురించి. 2017లో ఫ్లోరిడా వాళ్లు ప్రోస్టేట్ క్యాన్సర్‌లో పీఎస్‌ఏ (రక్తంలో ఆ జబ్బు తీవ్రతను చూపే ప్రోటీన్) సగానికి పడగానే అబిరాటెరోన్ అనే మందు ఆపి, మళ్లీ మొదటి స్థాయికి వచ్చాక మొదలుపెట్టారు. జబ్బు ముదరడం బాగా ఆలస్యమైంది.

బెజవాడ_డాక్టర్: పదకొండు మందిలో! చీటీ వేసి రెండు గుంపులు చేసిన పరీక్ష కూడా కాదది. సరే, నీ ఫ్లాస్కులో మామూలు కణాలు గెలిచాయా?

గుంటూరు_ఫ్లాస్కు: రెండిటినీ కలిపి, మందు లేకుండా పెంచితే రెండు సార్లు గెలిచాయి. మూడోసారి మొండివి తగ్గనే లేదు. పంపు ఖర్చు వాటికి లెక్కలోకే రాలేదేమో.

బెజవాడ_డాక్టర్: ఆ మూడో ఫ్లాస్కు సంగతి నీ గైడ్‌కి చెప్పావా?

గుంటూరు_ఫ్లాస్కు: సోమవారం చెప్తానండీ.