పెద్దల సండే స్కూల్లో సంఘం సంగతులు: క్లాసులో చెప్పుకోవాలా, వాట్సాప్‌లో పెట్టాలా?

మూసీ ఒడ్డు (నల్గొండ జిల్లా)

అందరికీ వందనాలు. మాది బాప్టిస్టు సంఘం. ఆదివారం ఆరాధనకు ముందు పిల్లలకు వేరుగా, పెద్దలకు వేరుగా సండే స్కూల్ జరుగుతుంది. పెద్దల క్లాసు గంటసేపు. మొదటి అరగంట సంగతులు చెప్పుకుంటాం. ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరి కొడుక్కి హైదరాబాద్‌లో పని దొరికింది, ఎవరి బోరు ఎండిపోయింది, ఇవన్నీ. వాటి కోసం ప్రార్థన చేసుకుని తర్వాత వాక్యంలోకి పోతాం.

ఇప్పుడు కమిటీలో ఒక ప్రతిపాదన పెట్టారు. సంగతులన్నీ శనివారం రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులో పెట్టేయాలట, ఆదివారం క్లాసు నేరుగా పాఠంతో మొదలుకావాలట. వచ్చే సంఘ సభలో ఓటింగ్ ఉంది. బాప్టిస్టులం కాబట్టి ఇది పాస్టర్ గారు ఒక్కరే తేల్చేది కాదు, సభ్యులంతా చెయ్యెత్తాలి. నేను వద్దనే ఎత్తుతాను.

గ్రూపులో ఒకరు "నాన్నకు పక్షవాతం వచ్చింది, ప్రార్థించండి" అని పెడితే వరసగా చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. అక్కడితో ఆ సంగతి కిందికి జారిపోతుంది. అదే మాట క్లాసులో చెప్తే ఎవరో ఒకరు అడుగుతారు: ఏ ఆసుపత్రి? ఆరోగ్యశ్రీకి కార్డు తీసుకెళ్లారా? రాత్రిపూట దగ్గర ఎవరుంటున్నారు? ఇంటికాడ బర్రెను ఎవరు చూస్తున్నారు? ఇవి అడిగితేనే తెలుస్తాయి. పక్షవాతం వచ్చినాయన కొడుకు తనంతట తానుగా "మా బర్రెకు గడ్డి వేసేవాళ్లు లేరు" అని గ్రూపులో రాయడు, సిగ్గుపడతాడు. మా క్లాసులో ఇలాంటి ప్రశ్న దగ్గరే మనుషులు కదిలారు. రక్తం ఇవ్వడానికి కుర్రాళ్లు నార్కట్‌పల్లి దాకా పోయింది అట్లాగే. ఒకరి భారాలు ఒకరు మోయమని గలతీ పత్రిక ఆరో అధ్యాయంలో ఉంది కదా. భారం ఎంత ఉందో తెలియకుండా ఎలా మోస్తాం?

మీ సంఘాల్లో ఎలా నడుస్తోంది? ఒప్పుకోని వాళ్లు కూడా చెప్పండి. సభకు ముందు అన్ని వైపులా వినాలని ఉంది.

దేవరకొండ టీచర్

వందనాలు అన్నా. నేను ప్రతిపాదన వైపే ఉన్నాను. మా దగ్గర నేను పెద్దల క్లాసు చెప్తాను కాబట్టి ఆ బాధ నాకు తెలుసు.

అరగంట అని మీరంటున్నారు. మాకు ఏనాడూ అరగంటతో ఆగలేదు. పెళ్లి సంగతి మొదలైతే అమ్మాయి వాళ్లది ఏ ఊరు, అబ్బాయి ఏం చేస్తాడు, పెట్టుపోతలు ఎంత, అక్కడిదాకా పోతుంది. ఆరాధన గంట కొట్టేసరికి నా చేతిలో పావుగంట కూడా ఉండదు. రోమా పత్రిక మొదలుపెట్టి ఎన్నాళ్లయిందో, ఇంకా విశ్వాసమూలంగా నీతి దగ్గరే తిరుగుతున్నాం. వారమంతా కూలికో, నౌకరికో పోయే మనిషికి వాక్యం కూర్చుని నేర్చుకునే సమయం అదొక్కటే. ప్రసంగంలో ప్రశ్న అడగలేడు, క్లాసులో అడగొచ్చు. ఆ అవకాశం కూడా కబుర్లకు పోతే ఎట్లా? బెరయ పట్టణం వాళ్లు లేఖనాలను ప్రతిరోజూ పరిశోధించారని అపొస్తలుల కార్యాల్లో చదువుతాం. మనం వారానికి ఒక్క గంట కూడా పరిశోధించం.

ఇంకొకటి. మా యవ్వనస్థులు కొందరు బస్టాండ్ దగ్గరి స్వతంత్ర సంఘానికి పోతున్నారు. ఎందుకురా అంటే "అక్కడ వాక్యం లోతుగా చెప్తారు మేడమ్" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కష్టసుఖాలు చెప్పుకోవద్దని నేననడం లేదు. దానికి బుధవారం గృహకూడిక ఉంది, స్త్రీల సమాజం ఉంది, ఇప్పుడు ఫోన్ ఉంది.

సంఘ కార్యదర్శి, మిర్యాలగూడ వైపు

మా దగ్గర గ్రూపులో పెడుతున్నాం. సమాధి కార్యక్రమం ఎన్నింటికి, కోతకాలపు పండుగ కానుకలు ఎప్పుడు తేవాలి, ఇలాంటి వాటికి బాగా పనికొస్తోంది. ఒకప్పుడు చావు కబురు చెప్పడానికి మనిషిని బస్సెక్కించేవాళ్లం. దానికి మాత్రం ఫోన్ మేలే.

స్టాఫ్ నర్స్, సూర్యాపేట

ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. చెప్పే సంగతి ఎవరిది? అది చెప్పమని వాళ్లు అన్నారా?

నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. ఒక సంఘంలో (ఏదో చెప్పను) ఒక అక్క జబ్బు సంగతి గ్రూపులో ప్రార్థన మనవిగా పెట్టారు. పెట్టినావిడ ప్రేమతోనే పెట్టింది. జబ్బు పేరు, ఏ వార్డు, అన్నీ రాసింది. అది స్క్రీన్‌షాట్ అయి ఆ అక్క కూతురికి సంబంధం మాట్లాడుతున్న వాళ్ల దాకా పోయింది. వాళ్లు మళ్లీ రాలేదు. ఆ అక్క ఇప్పుడు చర్చికి రావడం లేదు. కోపంతో కాదు, మొహం చూపించలేక.

టీబీ అన్నా, గర్భసంచి ఆపరేషన్ అన్నా, మానసిక వైద్యం అన్నా మన ఊళ్లలో ఇంకా మనిషిని దూరం పెడతారు. హెచ్‌ఐవీ విషయంలోనైతే 2017 చట్టమే ఉంది, ఆ మనిషి సమ్మతి లేకుండా బయటికి చెప్పకూడదు. "ప్రార్థన కోసమే చెప్పాను" అన్నంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. కొండెగాడు పరుల గుట్టు బయటపెడతాడని సామెతల గ్రంథం పదకొండో అధ్యాయంలో ఉంది. ప్రార్థన మనవి రూపంలో ఆ పని జరుగుతున్నప్పుడు మనం గుర్తుపట్టడం లేదు.

నోటితో చెప్పింది ఆ నాలుగు గోడల మధ్య కొంతవరకైనా ఆగుతుంది. రాసింది ఆగదు. అందుకే నేను మూసీ ఒడ్డు అన్న వైపు. కానీ క్లాసులో కూడా ఎవరి సంగతి వాళ్లే చెప్పాలి, లేదా వాళ్లు "చెప్పండి" అన్నాకే చెప్పాలి. ఇది ఒప్పుకుంటారా?

మూసీ ఒడ్డు

నర్సమ్మా, పూర్తిగా ఒప్పుకుంటాను. మీరు చెప్పింది సభలో మొదటి మాటగా పెడతాను.

టీచరమ్మా, మీ బాధ నాకు తెలియంది కాదు. అయినా మీ క్లాసులో చదవడం రాని వాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. మా దగ్గర చాప మీద ముందు వరసలో కూర్చునే ముసలమ్మలు చాలామందికి అక్షరం ముక్క రాదు. పాఠం మొదలైతే వచనాలు చదివేది మనం, ప్రశ్నలకు జవాబు చెప్పేది మనం. వాళ్లు తల ఊపుతూ వింటారు. సంగతుల వేళ మాత్రం వాళ్లు నోరు తెరుస్తారు. మగవాళ్లున్న చోట ఎన్నడూ మాట్లాడని ఆడవాళ్లు లేచి నిలబడి "మా కోడలు కష్టకాన్పు నుంచి బయటపడింది, దేవునికి స్తోత్రం" అంటారు. అది సాక్ష్యం. ఆ అరగంట ఫోన్‌లోకి పోతే ముందు పోయేది వాళ్ల గొంతే. వాళ్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నది బటన్ల ఫోన్.

ఇది మనకు కొత్తది కూడా కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో ఒంగోలులో మూడు నెలలకోసారి పల్లెల బోధకులంతా కూడేవాళ్లు. ఏ పల్లెలో ఏం జరిగిందో చెప్పేవాళ్లు, ప్రార్థించేవాళ్లు, నేర్చుకుని వెళ్లేవాళ్లు. సంగతులూ పాఠమూ ఒక్కచోటే నడిచాయి. నల్గొండలో 1890లో ఫ్రీసెన్ దంపతులు పని మొదలుపెట్టారు. రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ బ్రదరెన్ అనే వేరే క్రైస్తవ శాఖ వాళ్లయినా అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసే చేశారు. తెలుగు బాప్టిస్టు మిషన్‌లో బైబిల్ స్త్రీలు ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. ముందు ఇంటి బాగోగులు అడిగేవాళ్లు, ఆ తర్వాతే వాక్యం చెప్పేవాళ్లు. మా నానమ్మ విన్నది అట్లా గడప మీద కూర్చుని విన్న వాక్యమే.

పాలమూరు పెద్దమనిషి

చర్చ బాగుంది. చరిత్ర దగ్గర ఒక మాట కలుపుతాను. పాలమూరులో బాప్టిస్టు మిషన్ 1885లో మొదలైంది, చూట్ దొరగారితో. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల మిషన్ క్షేత్రాలు మెనోనైట్ బ్రదరెన్ చేతికి వెళ్లాయి. అందుకే మా వైపు ఇప్పుడు ఎంబీ (మెనోనైట్ బ్రదరెన్) సంఘాలు ఎక్కువ. మిషన్ పేరు మారినా పల్లెల్లో కూడికలు అట్లాగే సాగాయి. పగలంతా కూలి చేసి దీపం పెట్టాక కూడేవాళ్లు.

అయితే తమ్ముడూ, నువ్వు ఆ అరగంటను మరీ మంచిగా చూపిస్తున్నావు. మా క్లాసులో ఆ అరగంట ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలుసు. సర్కారు నౌకరి ఉన్న నాలుగు కుటుంబాలది. వాళ్ల అబ్బాయికి ఇంజనీరింగ్ సీటు, వాళ్ల అల్లుడి అమెరికా వీసా, వాళ్ల గృహప్రవేశం. చివర్లో గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ల దాకా మాట రాదు. ఒక అన్న ముంబై పనికి పోయి ఆర్నెల్లయింది, ఇంటికి పైసలు పంపడం లేదు. ఆయన భార్య ప్రతి ఆదివారం వస్తుంది, ఆ వెనక కూర్చుంటుంది. ఆమెను ఎవరూ అడగలేదు. నాకు ఆ సంగతి కిరాణా కొట్టు దగ్గర తెలిసింది, క్లాసులో కాదు.

చదువు సంగతి నువ్వన్నది నిజమే. 2011 లెక్కల్లో మా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతమే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్నింటికన్నా తక్కువ. అందుకే ముందు చదువు రాని వాళ్లను, వెనక కూర్చున్న వాళ్లను పేరు పెట్టి పిలిచి అడిగే టీచర్ కావాలి. అట్లాంటి టీచర్ లేకపోతే అరగంట ఇచ్చినా గంట ఇచ్చినా ఒకటే.

పుణెలో పాలమూరోడు

నేను పుణెలో బిల్డింగ్ పని మీద ఉన్నాను. అన్నలకు వందనాలు. మీరు గ్రూపు వద్దు అంటుంటే భయమేస్తోంది. నాకు ఊరి సంఘం అంటే ఇప్పుడు ఆ గ్రూపే. మా అమ్మకు కంటి ఆపరేషన్ అయిన రోజు పాస్టర్ గారు వచ్చి ప్రార్థించారని నాకు అందులోనే తెలిసింది. అది చదివాక రాత్రి నిద్రపట్టింది. పని కోసం పోయినవాళ్లను సంఘంలోంచి తీసేసినట్టు చేయకండి.

మూసీ ఒడ్డు

తమ్ముడూ, గ్రూపు ఉంటుంది. దాన్ని తీసేయమని ఎవరూ అనలేదు, నేనైతే అననివ్వను. క్లాసులోని అరగంటను తీసి అందులో పడేయొద్దనే నా మాట.

పెద్దమనిషి గారూ, మీరు చెప్పిన ఆ గోడ దగ్గరి అక్క మాట నన్ను వదలడం లేదు. మా క్లాసులో కూడా గోడ ఉంది, అక్కడా కూర్చునేవాళ్లు ఉన్నారు. సభలో నేను పెట్టబోయేది ఇది. గడియారం చూసి ఇరవై నిమిషాలు. ముందు రోగులు, ఆపదలో ఉన్నవాళ్లు. పెళ్లిళ్లు, సీట్లు, గృహప్రవేశాలు ఆరాధన తర్వాత టీ దగ్గర చెప్పుకుందాం, లేదా గ్రూపులో పెడదాం, సంతోషం దాచనక్కర్లేదు. ప్రతి వారం ఇద్దరికి, ఒక అక్కకు ఒక అన్నకు, బాధ్యత ఇద్దాం. వాళ్లు వెనక వరసలో కూర్చున్న వాళ్ల దగ్గరికి ముందే పోయి నెమ్మదిగా అడగాలి, చెప్పమంటారా వద్దా అని కూడా అడగాలి. జబ్బు పేర్లు గ్రూపులో రాయకూడదు. "ఫలానా కుటుంబం కోసం ప్రార్థించండి" అంటే చాలు, దేవునికి వార్డు నంబర్ అక్కర్లేదు. రెండు వారాలుగా కనపడని వాళ్ల ఇంటికి ఆ ఇద్దరే వెళ్లాలి. పత్తి ఏరే రోజుల్లో సగం క్లాసు చేన్లలో ఉంటుంది, అప్పుడు ఈ పని ఇంకా ముఖ్యం.

స్టాఫ్ నర్స్, సూర్యాపేట

ఆ ఇద్దరిలో అక్కను స్త్రీల సమాజమే ఎంచుకోవాలి, కమిటీ కాదు. ఆడవాళ్లు తమకు నమ్మకమున్న మనిషికే చెప్తారు.

దేవరకొండ టీచర్

ఇరవై నిమిషాలంటే నేను ఒప్పుకుంటాను, నిజంగా ఇరవై నిమిషాలే అయితే. గడియారం పట్టుకునేది మాత్రం పాఠం చెప్పేవాళ్లు కాకూడదు. ఏడుస్తున్న మనిషిని టైం అయిపోయిందని నేను ఆపలేను, ఇంకొకరు ఆపినా నేను చూడలేను. అందుకే నాకు ఇంకా అనుమానమే. యవ్వనస్థుల కోసం నేను ఆదివారం సాయంత్రం వేరే బైబిల్ క్లాసు అడుగుతున్నాను. మీ సభలో ఎవరైనా దాన్ని కూడా లేవనెత్తితే మేలు.

పెద్దమనిషి గారూ, ముంబై పోయినాయన ఇంటికి ఎవరైనా వెళ్లారా?

పాలమూరు పెద్దమనిషి

వెళ్లామమ్మా. నేనూ మా ఇంటావిడా పోయినవారం పోయి వచ్చాం. ఫోన్ నంబర్ మారిందట, మేస్త్రీ నంబర్ దొరికింది. రేపు మాట్లాడతాను. పుణె తమ్ముడూ, నీకు ముంబైలో పనిచేసే మనవాళ్లు ఎవరైనా తెలిస్తే నాకు విడిగా రాయి, ఇక్కడ వద్దు.

పుణెలో పాలమూరోడు

తెలుసన్నా. ఈ రాత్రికే రాస్తాను.